విస్తట్లో బుడమేరు

మొన్న ఆఫీసులో ఒకావిడ అడిగింది, "మీ వీధిలో నెలనెలా భోజనాలు పెట్టుకుంటారటగా, కిట్టీ పార్టీనా, చిట్టీలేమన్నా వేస్తున్నారా?" అని. రెండూ కాదండీ, కాలవ గురించి మాట్లాడుకుంటాం అన్నాను. ఆవిడ నవ్వేసి క్యారేజీ మూత పెట్టేసుకుంది. అన్నం ముందు కూర్చుని మురిక్కాలవ గురించి మాట్లాడటమేంటని అనిపించి ఉంటుంది, తప్పు లేదు, మొదట్లో నాకూ అలానే ఉండేది. సరే, అసలేం జరిగిందో ఒకసారి రాసి పెట్టేస్తే అడిగిన ప్రతివాళ్ళకీ మొదటినుంచి చెప్పే పని తప్పుతుందని కూర్చున్నా.

మాది విజయవాడ, సింగ్ నగర్ వైపు ఒక చిన్న వీధి. పద్దెనిమిది ఇళ్ళు. కింద వాటా అద్దెకి, పైన ఓనర్లు, దాదాపు అన్నీ ఇదే లెక్క. మేమూ అంతే, పైన అత్తయ్య, మావయ్య, నేను, మా ఆయన, మా అమ్మాయి, కింద ఆటో నడుపుకునే ఒక కుటుంబం. వీధిలో ఒకళ్ళ పేరు ఒకళ్ళకి తెలుసు, ఎవరింట్లో ఏం కూరో వాసనబట్టి తెలుసు, అంతకుమించి పెద్దగా మాటల్లేవు. బండి అడ్డం పెట్టారనో, చెత్త మా గుమ్మంలోకి ఊడ్చారనో గొడవ పడటానికి తప్ప.

2024 ఆగస్టు 31, శనివారం, పొద్దుట్నించీ ఒకటే వాన. ఆదివారం తెల్లారి లేచేసరికి కింద వాటాలో మోకాలి లోతు నీళ్ళు, చూస్తుండగానే నడుం లోతు. మా కిందావిడ బియ్యం బస్తా నెత్తిన పెట్టుకుని మెట్లెక్కుతూ "అక్కా, ఫ్రిజ్ తేలిపోతందక్కా" అని నవ్విందో ఏడ్చిందో నాకిప్పటికీ అర్థం కాలేదు. మధ్యాహ్నానికి మా డాబా మీద ఇరవై ముగ్గురం. గ్యాస్ బండలు రెండు, పెద్ద గిన్నెలు మూడు, కందిపప్పు ఉంది, పచ్చిమిరపకాయలు లేవు. హెలికాప్టర్లూ డ్రోన్లూ పొట్లాలు వేస్తున్నాయని రేడియోలో విన్నాం కానీ మా సందు మీదకి వచ్చింది తక్కువ, పడవలు కూడా మెయిన్ రోడ్డు దాకానే. కాబట్టి ఎవరింట్లో ఏది మిగిలితే అది పైకి తేవడం, ఒకటే వంట, చేతిలో ముద్దలు పెట్టుకుని తినడం.

కరెంటు లేదు. ఫోన్లు చచ్చిపోయాయి. రాత్రిపూట అన్నం తిన్నాక చేసేదేం లేక మాట్లాడుకున్నాం. ఇన్నేళ్ళు ఈ వీధిలో ఉండి బుడమేరు గురించి నాకు తెలిసింది "అది ఒక పెద్ద మురిక్కాలవ" అని మాత్రమే. అది ఏరండీ. మైలవరం వైపు కొండల్లో పుట్టి, మన ఊరి మీదుగా పోయి కొల్లేరులో కలిసే ఏరు. మూడో ఇంటి మేస్టారు, రిటైరై పదేళ్ళయింది, లెక్కలు చెప్పేవారు, ఆయన చీకట్లో కూర్చుని మాకందరికీ పాఠంలా చెప్పారు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్, అంటే నీళ్ళని ఆపి వదిలే గేట్లు, ఉంది, అక్కణ్ణించి వరదని ఊళ్ళోకి రానీకుండా ఒక మళ్ళింపు కాలవ తవ్వి కృష్ణలో కలిపారు, మామూలు రోజుల్లో అది బాగానే పనిచేస్తుంది, కానీ కృష్ణే నిండుగా ఉన్నప్పుడు ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి చెప్పండి, అని. ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతోంది, బ్యారేజీ కట్టాక అంత ఎప్పుడూ రాలేదట. కాలవకి గట్లు తెగాయి, మూడు చోట్ల. తెగిన నీళ్ళు మా కిందావిడ ఫ్రిజ్ దాకా వచ్చాయి. 2005లో కూడా ఇలానే మునిగిందని ఎదురింటి పిన్నిగారు అప్పుడు చెప్పారు, అప్పటికి నేను ఈ ఊరే రాలేదు.

ఆ గండ్లు పూడ్చింది సెప్టెంబరు 7న, వినాయక చవితి నాడు. డాబా మీద బెల్లం లేక ఉప్పు ఉండ్రాళ్ళు మాత్రమే చేశాం. పిల్లలకి పత్రి ఎక్కడ దొరుకుతుంది, మావయ్య కుండీలో తులసీ, గన్నేరూ కోసిచ్చారు.

ఇదంతా విని మేమందరం ఆ వరదతో ఒకే కుటుంబం అయిపోయామనుకునేరు. కాలేదు. నీళ్ళు పోయాక డబ్బులొచ్చాయి. నేల మీద ఇల్లు మునిగితే 25,000, పై అంతస్తులకి 10,000 అని ప్రభుత్వం ప్రకటించింది. అది అద్దెకున్నవాళ్ళకా, ఓనర్లకా? ఉంటున్నవాళ్ళకే అన్నారు. మరి మా గోడలు నానిపోయాయి కదా అని ఓనర్లు. మీ గోడలు ఉన్నాయి, మాకు మంచాలు కూడా లేవు అని కిందవాళ్ళు. ఎవరి పేరు లిస్టులో ఉందో, ఎవరిది లేదో, ఎవరు ఊళ్ళో లేకపోయినా పేరెక్కించుకున్నారో. డాబా మీద ఒకే గిన్నెలో తిన్నవాళ్ళం, లిస్టు అంటించిన రోజున గోడ దగ్గర ఒకళ్ళనొకళ్ళం తోసుకున్నాం. దసరాకి మా వీధిలో పలకరింపులు కూడా లేవు.

కార్తీకం వచ్చింది. ప్రతి ఏడూ మేం 'మనవాళ్ళ' వనభోజనాలకి వెళ్తాం, నున్న వైపు ఒక మామిడి తోటలో. తెలుగువాళ్ళలో ఈ సంగతి తెలియనివాళ్ళుండరు, కార్తీకం ఆదివారాలొస్తే ఏ తోటలో చూసినా ఏదో ఒక కులం బ్యానర్. ఉసిరి చెట్టు ఒక మూల ఉంటుంది, దాని కింద దీపం ఉంటుంది, మిగతా తోటంతా మైకు. అక్కడ కూడా ప్రజా సమస్యలే మాట్లాడతారు, కాదనను, కాకపోతే ప్రజలంటే మనవాళ్ళు, సమస్య అంటే మనవాళ్ళకి ఈసారి ఎన్ని టికెట్లిస్తారన్నది. శాలువాలు, దండలు, ఆలస్యంగా వచ్చే ముఖ్య అతిథి, ఆయన వచ్చేదాకా ఆకలితో ఏడ్చే పిల్లలు. కూరలు బావుంటాయి, అది మాత్రం ఒప్పుకోవాలి.

ఆ ఏడు అత్తయ్య రానంది. మోకాళ్ళ నొప్పులన్నది కానీ అసలు కారణం అది కాదు, వరదలో ఆవిడ పెళ్ళినాటి ఇత్తడి సామాను కింద స్టోరు రూములో ఉండి బురదలో పోయింది, అందరూ పట్టుచీరలు కట్టుకుని వచ్చేచోటికి వెళ్ళబుద్ధి కాలేదు ఆవిడకి. ఎదురింటి పిన్నిగారు, "అయితే మన డాబా మీదే చేసుకుందాం వదినా, నేను ఉసిరి కొమ్మ తెప్పిస్తా" అన్నారు. అలా నవంబరు 17న, పౌర్ణమి వెళ్ళిన ఆదివారం, ఒక సిమెంటు కుండీలో ఉసిరి కొమ్మ గుచ్చి దాన్నే వనం అనుకున్నాం. పులిహోర, కంద బచ్చలి కూర, వంకాయ అల్లం కారం, దోసకాయ పచ్చడి, పప్పుచారు, పూర్ణం బూరెలు. మనిషికి వంద, పిల్లలకి లేదు.

ఎవరెవర్ని పిలవాలి అన్న దగ్గర ఒక విషయం జరిగింది, అది రాయకుండా దాటేస్తే ఈ పోస్టు రాయడమే దండగ. వీధి చివర రేకుల ఇంట్లో ఒక పారిశుధ్య కార్మికుడి కుటుంబం ఉంటుంది, భార్యాభర్తలిద్దరిదీ అదే పని. వాళ్ళకి "క్యారేజీ కట్టి పంపిద్దాంలే" అన్న మాట వచ్చింది. ఎవరో అన్నారు అని రాయొచ్చు, కానీ నేనూ తలూపాను. చెడ్డ ఉద్దేశమేం లేదు అనే అనుకున్నాను అప్పుడు. మేస్టారు ఏం మాట్లాడలేదు, ఆదివారం పొద్దున్నే వెళ్ళి వాళ్ళిద్దర్నీ, పిల్లాణ్ణీ వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చేశారు. వచ్చి తన పక్కన పంక్తిలో కూర్చోబెట్టారు. ఎవరూ లేవలేదు, అయితే ఇద్దరు మాత్రం "ఇప్పుడే టిఫిన్ చేశాం" అని రెండో బంతికి ఆగారు. పంక్తి అంటే మనకి మామూలు విషయం కాదు కదా. 1881లో రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు జనం ఆయన్ని ఏం చేశారు? వెలి. అంటే నీతో కలిసి తినం, నీ ఇంట్లో తినం అని. కొట్టక్కర్లేదు, తిట్టక్కర్లేదు, పక్కన కూర్చోకపోతే చాలు. ఇన్నేళ్ళకి మా డాబా మీద ఆ మాట ఎవరూ అనలేదు, "ఇప్పుడే టిఫిన్ చేశాం" అన్నారు.

సరే, తినడం మొదలైంది. మాట తిప్పి తిప్పి కాలవ దగ్గరికే వచ్చింది. పెద్ద కాలవ సంగతి సరే, వరద తగ్గాక కూడా మన వీధిలో నీళ్ళు అన్ని రోజులు ఎందుకు నిలిచాయి, పక్క వీధిలో ఎందుకు ముందే పోయాయి, ఇదీ ప్రశ్న. పూడిక తియ్యలేదని ఒకరు, పల్లమని ఒకరు, ఆ పార్టీవాళ్ళ వల్లని ఒకరు, కాదు ఈ పార్టీవాళ్ళ వల్లని ఇంకొకరు. ఆ పారిశుధ్య కార్మికుడు మాత్రం తలొంచుకుని తింటున్నాడు. మేస్టారు, "ఆ కాలవలో దిగేది నువ్వు కదయ్యా, నువ్వు చెప్పు" అన్నారు.

ఆయన ఏం మాట్లాడకుండా విస్తట్లో అన్నాన్ని రెండు గట్లుగా చేశాడు. చిన్నప్పుడు మనమందరం చేసేవాళ్ళమే, పప్పుచారు పోయించుకోవడానికి అన్నంలో గుంట చేసినట్టు, కాకపోతే పొడుగ్గా, కాలవలా. "ఇది మన వీధి సైడు కాలవండి" అన్నాడు. వడ్డిస్తున్న నన్ను చూసి, "ఇక్కడ కాస్త పొయ్యండమ్మా" అన్నాడు. పోశాను. పప్పుచారు చక్కగా పారి ఆకు చివరికి వెళ్ళింది. అప్పుడు వంకాయ ముక్కలు తీసి ఆ కాలవ మీద ఒక్కొక్కటే అడ్డంగా పెట్టాడు, "ఇది ఫలానా వారి ర్యాంపు, ఇది మేస్టారిది, ఇది పిన్నిగారిది, ఇది మీదమ్మా" అని. "మళ్ళీ పొయ్యండి." పోశాను. పప్పుచారు గట్టు దాటి పులిహోరలోకి వచ్చేసింది.

ఎవరూ మాట్లాడలేదు. బండ్లు ఎక్కించుకోవడానికి గుమ్మం ముందు కాలవ మీద సిమెంటు ర్యాంపు కట్టుకోవడం మా వీధిలో అందరి హక్కు. కాలవ మూసుకుపోయిందని ఆఫీసుల చుట్టూ తిరిగింది మేమే, మూసింది కూడా మేమే. "గడ్డపార ఇక్కడి దాకా పోద్దండి, ఆ కింద చెయ్యి పెట్టడానికి కూడా కుదరదు" అని ఆయన చెప్పుకుంటూ పోతున్నాడు, వాళ్ళావిడ మోచేత్తో పొడుస్తోంది ఇక ఆపమని. మా అత్తయ్య అందుకుని, "ముందు మజ్జిగ పోయించుకోండి, తర్వాత మాట్లాడుకుందురు గానీ" అంది. మా వీధి భోజనాలకి మొదటి రూలు అదే అయింది: మజ్జిగన్నం దాకా ఎవరూ లేవకూడదు, ఎంత కోపమొచ్చినా.

నెలకోసారి చేద్దామని ఆ రోజే అనుకున్నాం. డిసెంబరులో పెట్టిన రెండోది మాత్రం అట్టర్ ఫ్లాప్. వెలగలేరు గేట్లు ఎవరు ఎత్తారు, ఎప్పుడు ఎత్తారు, ముందే ఎందుకు చెప్పలేదు అని మొదలై, ఇద్దరు అన్నదమ్ములే రెండు పార్టీలై, రూలు ఉంది కాబట్టి ఒకాయన లేవకుండా అటు తిరిగి కూర్చుని మజ్జిగ తాగాడు. పెరుగు బకెట్ సగం మిగిలింది.

ఆ రోజు నాకు మండింది మాత్రం దానికి కాదు. మూడోసారి అన్నం మారు వడ్డిస్తున్నాను, నడుం పట్టేసింది, మా ఆయనా ఇంకో నలుగురూ కూర్చుని మున్సిపల్ కుళాయి నీళ్ళు ఏ టైముకి వదిలితే బావుంటుందో తేల్చేస్తున్నారు. నీళ్ళు పట్టేది ఎవరు? పొద్దున నాలుగున్నరకి లేచి బిందెలు పెట్టేది ఎవరు? వాళ్ళు "ఆరింటికైతే బెటర్" అని రాసుకున్నారు. ఆరింటికి నేను టిఫిన్ బాక్సులు కడుతుంటాను స్వామీ! రాత్రి గిన్నెలు తోముకుంటూ పిన్నిగారితో అన్నాను, సంక్రాంతి వెళ్ళాక పెట్టేదానికి ముందు ఆడవాళ్ళం కూర్చుంటాం, మగవాళ్ళు వడ్డిస్తారు, లేకపోతే వంటే లేదు అని. ఆవిడ అంట్లగిన్నె కింద పెట్టి నాకు చెయ్యి కలిపారు.

జనవరి భోజనం చూడాల్సిందే. బాబాయి గారు విస్తట్లో పచ్చడిని అన్నం వేసే చోట వేసి, అన్నాన్ని దాని మీద బోర్లించారు. మా ఆయన సాంబారు గరిటెతో అందరి చీరల మీదా ఒక్కో చుక్క. కానీ ఆ రోజు మాటలు మారాయి. అప్పటిదాకా వీధిలో సమస్యలంటే పార్కింగ్, కాలవ, పార్టీలు. ఆ రోజు ఏం వచ్చాయో చూడండి: కుళాయి టైము మళ్ళీ మొదట్నించీ, ట్యూషన్ నుంచి ఆడపిల్లలు వచ్చే మలుపులో లైటు వెలగక ఎన్ని నెలలైందన్నది, రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కకపోవడం, వరద తర్వాత కింద వాటాల్లో చెమ్మకి పిల్లలకి ఆగని దగ్గు. ఆ లైటు సంగతి మగవాళ్ళలో ఒక్కరికీ తెలియదు, రోజూ బండి మీద హెడ్‌లైటు వేసుకుని పోయేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

ఆ రోజే సమాచార హక్కు చట్టం కింద ఒక అర్జీ, ఆర్టీఐ అంటారే అది, రాశాం. 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇది చట్టంలో ఉన్నదే, కానీ ఎవరికి వారు ఇంట్లో కూర్చుని రాయమంటే ఎవరూ రాయరు. మా అమ్మాయి నోట్‌బుక్కులో కాగితం చింపి, మేస్టారు చెప్తుంటే నేను రాశాను, మీ రికార్డు ప్రకారం మా వీధి కాలవలో పూడిక ఏయే తేదీల్లో తీశారు అని. మూల పసుపు మరక పడింది, అలానే పంపాం. జవాబొచ్చింది, సంవత్సరంలో రెండుసార్లు తీశామని తేదీలతో సహా. దాన్ని ఫిబ్రవరి భోజనంలో చదివి వినిపిస్తే మన పారిశుధ్య కార్మికుడు పొలమారేంత నవ్వాడు. ఆ తేదీల్లో ఒక రోజు ఆయన చెల్లెలి పెళ్ళిలో ఉన్నాడట. ఆ కాగితం జత చేసి సోమవారం గ్రీవెన్స్‌లో, అంటే అధికారులు ఫిర్యాదులు తీసుకునే చోట, ఇచ్చాం, ఒకరు కాదు, పదకొండు మందిమి వెళ్ళి. వేసవిలో మిషన్ వచ్చింది. ర్యాంపులు లేనంత మేర తీసి, మిగతాది మీరు పగలగొట్టుకుంటే వస్తామని చెప్పి వెళ్ళిపోయింది. న్యాయమే కదా, ఏమంటాం?

మొదట పగలగొట్టింది మాదే. గొప్ప కోసం కాదు, ఆ విస్తట్లో వంకాయ ముక్కని చూసినదాన్ని నేనే కాబట్టి. అత్తయ్య మూడు రోజులు నాతో మాట్లాడలేదు, "మీ మావయ్య దగ్గరుండి కట్టించిన ర్యాంపు" అని. ఇప్పుడు ఆ చోట ఎత్తి తీసుకునే ఇనప జాలీ పెట్టించాం, ఆరు వేలైంది, వానొస్తే స్కూటీ జారుతుంది, నిజం చెప్పాలి కదా. పద్దెనిమిదిలో ఇప్పటికి పదకొండు పోయాయి. మూల మీద కొట్టు ఉన్నాయన తియ్యనంటే తియ్యనన్నాడు, కానీ భోజనానికి మొదట వచ్చి కూర్చునేది ఆయనే. పిలవడం మానేద్దాం అన్నాన్నేను. "రానీ అమ్మా, తింటుంటే ఎప్పుడో ఒకనాటికి సిగ్గేస్తుంది" అంటారు మేస్టారు. నాకైతే ఆ నమ్మకం లేదు, రెండోసారి బూరెలు అడిగేవాళ్ళకి సిగ్గు తొందరగా రాదు.

మా కాలవ బాగుపడితే బుడమేరు ఆగుతుందా? ఆగదు, అంత పిచ్చి మాకూ లేదు. వరద తర్వాత ప్రభుత్వం ఆపరేషన్ బుడమేరు అంది, ఆక్రమణలు తీసేస్తామంది, ఆ మాట మా పంక్తిలో వచ్చినప్పుడు మాత్రం అందరూ ఒక్కసారిగా అన్నం వైపు చూసుకుంటారు. ఎందుకంటే మా వీధిలో మూడు కుటుంబాల చుట్టాలు ఆ కట్ట మీదే ఉంటున్నారు, కాగితాలు సరిగ్గా లేవు, వెళ్ళడానికి చోటు లేదు. కాలవ వెడల్పు చెయ్యాలి అని గట్టిగా అనేవాళ్ళ పక్కనే ఆ ఇల్లు పోతే ఏడ్చేవాళ్ళు కూర్చుని ఉంటారు. మీటింగులో అయితే ఈ రెండు మాటలూ వేరే వేరే మైకుల్లో వినపడతాయి. ఇక్కడ ఒకే ఊరగాయ జాడీ అటూ ఇటూ తిరుగుతుంటుంది. దీనికి మా దగ్గర జవాబు లేదు, మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు మజ్జిగలోకి వచ్చేశాం.

పెద్ద ఊళ్ళలో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోనే ఉందని, 74వ సవరణ అని, మేస్టారు ఒకసారి చెప్పారు. ఉంటే మంచిదే. వాటిల్లో భోజనం పెడతారా అని బాబాయి అడిగారు.

ఈ ఆదివారం వంతు మాది. ముప్పై నాలుగు మంది అని లెక్క తేలింది, రేకుల ఇంటావిడ పులుసు ఈసారి తను పెడతానంది, 'ఇప్పుడే టిఫిన్ చేశాం' అన్న ఇద్దరిలో ఒకావిడ, "చింతపండు నా దగ్గర కొత్తది ఉంది, పట్టుకెళ్ళు" అని నిన్న ఇచ్చి పంపింది. గారెలు నేనంటూ ఒప్పేసుకున్నాను, ఇప్పుడు టెన్షన్ దానికి. ముప్పై నాలుగు మందికి మనిషికి రెండు చొప్పున, కొట్టాయనకి నాలుగు, మినప్పప్పు ఎంత నానబొయ్యాలో తెలిసినవాళ్ళు కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.